అట్ట పెట్టాల్సిన చోటు

నవంబర్ 3, సోమవారం

హెడ్ మేడమ్ పిలిచి కొత్త డ్యూటీ అప్పజెప్పారు. ఈ శనివారం హాస్టల్లో వేసే సినిమా ముందుగా నేను చూసి, పిల్లలకి తగినదో కాదో చెప్పాలట. నేను సరే అంటే వేస్తారు, వద్దంటే మానేస్తారు. మీరు దైవభక్తి ఉన్న మనిషి, మీ మాట పిల్లల తల్లిదండ్రులు కూడా కాదనరు అన్నారు. అది పొగడ్తో, బరువు నా నెత్తిన పెట్టడమో తేల్చుకోలేకపోయాను. వార్డెన్ ఉద్యోగంలో రెండూ ఒకేలా ఉంటాయి. సరేనన్నాను.

ఇదంతా పోయిన నెల కుక్క సినిమా తెచ్చిన తంటా. అందులో ముద్దుల్లేవు, తిట్లు లేవు అని ఎవరూ చూడకుండానే వేసేశాం. చివర్లో కుక్క చచ్చిపోయింది. హాస్టల్ హాస్టలంతా ఒకటే ఏడుపు. ఆ పూట ఒక్కరూ ముద్ద ముట్టలేదు. మూడో తరగతి పిల్లకి జ్వరమే వచ్చింది. వాళ్ళ నాన్న వచ్చి, పిల్లని చదువుకోమని పంపామా, శోకాలు పెట్టమని పంపామా అని హెడ్ మేడమ్‌ని నిలదీశాడు.

అందుకని ఈసారి నవ్వుల సినిమా. పెద్ద పిల్లలే చేతులెత్తి ఎంచుకున్నారు. ప్రేమ సినిమానే గానీ నవ్వు ఎక్కువ వార్డెనమ్మా అన్నారు. ఆ నవ్వుకీ నవ్వుకీ మధ్య ఏముంటుందోనని నా బెంగ.

దానికీ మా దగ్గర ఒక పద్ధతి ఉందనుకోండి. మా ఆయన ఈ స్కూల్లోనే ఎలక్ట్రీషియన్. ప్రొజెక్టర్ నడిపేది ఆయనే. పిల్లలు కరెంటు తాతయ్య అంటారు. తాతయ్య అన్నప్పుడల్లా ఆయన జుట్టు సవరించుకుంటారు. తెర మీద చూడకూడనిది వస్తే, ట్యూబ్‌లైట్ల పెట్టె చించి దాచుకున్న అట్ట ఒకటి తీసి ప్రొజెక్టర్‌కి అడ్డం పెడతారు. బొమ్మ పోతుంది, సౌండ్ ఉంటుంది. పిల్లలు ఓ... అని అరుస్తారు. సీన్ అయిపోగానే అట్ట తీస్తారు. అంతే. ఒకటో తరగతి చిన్నదైతే, అట్ట వెనక్కి వెళ్ళినవాళ్ళు చచ్చిపోతారని నమ్మింది. మళ్ళీ తెర మీద కనబడితే, బతికింది, బతికింది అని చప్పట్లు కొడుతుంది.

సినిమా పేరు చెప్పగానే చెయ్యెత్తనిది ఒక్కతే. ఏడో తరగతి కోతలరాయుడు. వాళ్ళమ్మ సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేస్తుంది. పిల్ల ఆ మాట అందరికీ చెప్పుకుంది. ఒక సినిమాలో చూస్తే ట్రే పట్టుకుని వెళ్ళే వీపు మాత్రమే కనిపించింది. ఇంకో సినిమాలో ఆ వీపు కూడా లేదు, కోసేశారు. అప్పటినుంచి ఆ పేరు స్థిరపడింది. మీ అమ్మ వీపుకి అవార్డు ఇవ్వాలే అని ఏడిపిస్తారు. ఈ సినిమాలో మా అమ్మ మొహం ఉంది అందిట. అయితే చెయ్యెందుకు ఎత్తలేదు అని అడిగితే, అందరూ ఎత్తారుగా, ఇంక నేనెందుకు అంది.

నవంబర్ 4, మంగళవారం, మధ్యాహ్నం

పిల్లలు క్లాసుల్లో ఉన్నారు. భోజనాల హాల్లో కర్టెన్లు వేసి చూశాం. నేను ముందు బెంచీ మీద, ఆయన వెనక ప్రొజెక్టర్ దగ్గర. ఇద్దరమే సినిమా చూసి ఎన్నాళ్ళయిందో. ఇంటర్వెల్‌లో టీ కూడా తెచ్చారు.

కథ బాగుంది. ఒకమ్మాయికి గొడుగుల షాపు. ఒకబ్బాయి టీవీలో వాతావరణం చెబుతాడు. అతను ఎండ అంటే వాన, వాన అంటే ఎండ. అతని పుణ్యాన ఈమె గొడుగులు అమ్ముడుపోతాయి. చివరికి పెళ్ళి. గొడుగు షాపు అమ్మాయికి ఒక అక్క. భర్త పోయాడు, చిన్న కూతురు ఉంది, పక్కనే బేకరీ నడుపుతుంది. ఆమె కోసం ఒక పళ్ళ డాక్టరు రోజూ వచ్చి, స్వీట్లు పళ్ళకి మంచివి కావు అంటూనే కేకు కొనుక్కుని పోతాడు.

ఆ అక్కే కోతలరాయుడి తల్లి! మొహం ఉంది, మాట ఉంది, సినిమా అంతా ఉంది. నాకెంత సంతోషం వేసిందో.

కడుపుబ్బ నవ్వాను. ఒక్క బూతు మాట లేదు. చివర్లో ఒక్కచోట ఆయన అట్ట పెట్టారు. దానిదేముంది, అట్ట ఉందిగా. తీర్పు: పిల్లలకి తగినదే.

సాయంత్రం

ప్రార్థనలో కూర్చుంటే వాతావరణం అబ్బాయి గుర్తొచ్చి నవ్వొచ్చింది. దేవుడు క్షమించుగాక.

నవంబర్ 5, బుధవారం

పరువు పోయింది. నా దగ్గరే పోయింది కాబట్టి ఫరవాలేదు.

పొద్దున హెడ్ మేడమ్‌కి చెప్పాను, వేసుకోవచ్చు మేడమ్, ఒక్కచోట అట్ట పెడితే చాలని. ఆ ఒక్కచోట ఏముందండీ అని అడిగారు. ముద్దు సీన్ మేడమ్ అన్నాను. ఎవరిది అన్నారు. ఎంతసేపు అన్నారు. పిల్లలు అట్ట వెనక ఊహించుకునేదానికంటే ఎక్కువా, తక్కువా అన్నారు.

నాకు తెలియదు. నేను చూడలేదు. మళ్ళీ చెబుతాను మేడమ్ అని తప్పించుకుని వచ్చాను.

అట్ట మాట అలా ఉంచితే, అట్ట పెట్టకముందే నా కళ్ళు మూసుకుపోయాయి. చిన్నప్పుడు టీవీలో అలాంటిది వస్తే నాన్న దగ్గేవారు, అమ్మకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి, మేం పిల్లలం ఫ్యాను రెక్కలు చూసేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆయన దగ్గుతారు, నాకు పాలు గుర్తొస్తాయి. ఈ వయసు వచ్చింది, ముద్దు సీన్ మొదటినుంచి చివరిదాకా ఒక్కటీ చూసి ఎరగను. తీర్పు చెప్పమని కూర్చోబెడితే, చెప్పాల్సిన చోటే కళ్ళు మూసుకున్నాను. పరీక్షలో ఒకే ఒక్క ప్రశ్న ఇస్తే దాన్నే వదిలేసినట్టు.

పోనీ ఆయన చూసుంటారు కదా అని వెళ్ళి అడిగాను. స్విచ్ బోర్డు విప్పుతున్నారు. నేనెక్కడ చూస్తానే, అట్ట సరిగ్గా అడ్డం ఉందా లేదా అని అట్ట వైపు చూస్తా గానీ అన్నారు. మరి పెట్టాలని ఎలా తెలిసింది అన్నాను. వయొలిన్‌ని బట్టి అన్నారు. వయొలిన్ వస్తే అట్ట పెడతారట, ఆగితే తీస్తారట. ఇన్నేళ్ళుగా అంతేనట. నాకు నవ్వాగలేదు. ఎన్ని సినిమాల్లో ఎంత మంది మంచివాళ్ళు వయొలిన్ పుణ్యమా అని అట్ట వెనక్కి పోయారో!

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం కుళాయి దగ్గర కోతలరాయుడు పట్టుకుంది. మా అమ్మని చూశారా అంది. చూశానే, ఎంత బాగా చేసిందో అన్నాను. పిల్ల మొహం వెలిగిపోయింది. మరి చివర్లో అమ్మకి పెద్ద సీన్ ఉందట, అది అయ్యాక షూటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారట, అది చూశారా అంది. ఏం సీన్ అది అని అడిగాను. అమ్మ చెప్పలేదు, నువ్వే చూస్తావుగా అనేసింది అంది.

చివర్లో వాళ్ళమ్మ, పళ్ళ డాక్టరు, వయొలిన్. అప్పుడు వెలిగింది నాకు.

అట్ట పెడితే వాళ్ళమ్మ పెద్ద సీన్ పోతుంది. పైగా అట్ట వెనక ఉన్నది వాళ్ళమ్మేనని అందరికీ తెలిసిపోతుంది. పెట్టకపోతే వాళ్ళమ్మ పరాయి మనిషిని ముద్దుపెట్టుకోవడం హాస్టలంతా చూస్తుంది. సినిమా మానేస్తే పిల్ల జన్మంతా కోతలరాయుడే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన ఇంకో గొయ్యి.

నవంబర్ 6, గురువారం

ప్రార్థన చేసుకుని వెళ్ళి మళ్ళీ తెర ముందు కూర్చున్నాను. దేవుడా, కళ్ళిచ్చింది నువ్వే, ఈ ఒక్కపూట తెరిచి ఉంచు అని. ఆయన్ని అట్ట పెట్టొద్దన్నాను. చెయ్యి ఊరుకోదే అన్నారు. చేతులు కట్టుకోండి అన్నాను.

వయొలిన్ వచ్చింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. చూశాను.

బేకరీ మూసే వేళ. ఆమె చేతుల నిండా పిండి. డాక్టరు కేకు కొనడానికి రాలేదు ఇవాళ, ఊరికే వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక ఆమెని నోరు తెరవమంటాడు, పళ్ళు చూస్తానని. ఆమె నవ్వుతుంది. దగ్గరికి రాబోతే ముక్కూ ముక్కూ కొట్టుకుంటాయి. అతని కళ్ళజోడు జారుతుంది. ఆమె పట్టుకుని తిరిగి పెడుతుంది, అద్దాలకి పిండి అంటుకుంటుంది. అతనికి ఏమీ కనబడదు. అప్పుడు ఆమే ముద్దు పెడుతుంది. చిన్నది. తర్వాత ఇద్దరూ నవ్వుతారు. ఇంతే.

ఇంతేనా అని పైకే అనేశాను. వెనకనుంచి ఆయన, దీనికా నేను ఇన్నేళ్ళు చెయ్యి నొప్పి పెట్టించుకుంది అన్నారు.

ఇందులో పిల్లలు చూడకూడనిది ఏమీ లేదు. ఒంటరి మనిషి మళ్ళీ నవ్వడం ఉంది. కానీ మిగతా పిల్లలకి లేని బాధ ఆ ఒక్క పిల్లకి ఉంటుంది కదా. వాళ్ళ నాన్న నాలుగేళ్ళ క్రితం పోయాడు.

వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. మొదట గలగలా నవ్వింది. పళ్ళ డాక్టరు వేషం వేసినాయన మంచివాడు అక్కా, సీన్‌కి ముందు ఏలకులు నమిలాడు పాపం, అయినా తుమ్మాడు అంది. మీ అమ్మాయికి చెప్పారా అన్నాను. నవ్వు ఆగింది. పెద్ద సీన్ అని చెప్పానక్కా, ఏమిటన్నది చెప్పలేదు అంది. తర్వాత, మీరు రోజూ చూసే పిల్ల, మీకు ఏది తోస్తే అది చేయండి అంది. ఆదివారం వస్తానంది.

అందరూ నా మీదే వదిలేస్తున్నారు. నాకేం తోస్తుంది? పిల్లనే అడగాలని తోచింది.

నవంబర్ 7, శుక్రవారం

ఆటల పీరియడ్‌లో పిల్లని తీసుకొచ్చి మొత్తం సినిమా చూపించాం. రేపు అందరితో చూసేముందు ఒకసారి చూసుకో అన్నాను. హాలంతా తనదే. మొదటి బెంచీలో కాళ్ళు ఊపుతూ కూర్చుంది. తల్లి కనబడగానే, అదిగో అమ్మ, మొహం, మొహం అని నా చెయ్యి గిల్లింది. తల్లి ఏ డైలాగు చెప్పినా వెంటనే తనూ అంటోంది.

సగం దాకా అలాగే ఉంది. తర్వాత కాళ్ళు ఊపడం మానేసింది. ముద్దు సీన్ వస్తుందని ముందే గ్రహించిందేమో అనుకున్నాను. వయొలిన్ వచ్చింది. నేను తెర చూడలేదు, పిల్ల మొహం చూశాను. మొహంలో ఏమీ లేదు. గోడ చూస్తున్నట్టు చూసింది.

లైట్లు వేశాక నేను సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టాను. నటన అంటే పనేనమ్మా, వంటమనిషి ఎవరికి వండినా వంటే అయినట్టు... పిల్ల మధ్యలోనే ఆపేసింది. ముద్దు సంగతి నాకు తెలుసు వార్డెనమ్మా, సెలవుల్లో అమ్మ దిండుతో ప్రాక్టీస్ చేస్తుంటే చూశాను, దిండుకి నాన్న కళ్ళజోడు పెట్టింది అంది. అని, ఏడుపు మొదలుపెట్టింది.

ఎందుకమ్మా అన్నాను. ఆ జడ సీన్ మళ్ళీ వేయమనండి అంది.

జడ సీన్! సినిమాలోకెల్లా శుభ్రమైన సీన్ అది. అక్క తన చిన్నకూతురికి స్కూలుకి వెళ్ళేముందు తల దువ్వి జడ వేస్తుంది. కూతురు ఏడుస్తుంటే దగ్గరికి తీసుకుని, ముద్దుపేరుతో పిలుస్తుంది. పాప ఊరుకుంటుంది. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ, ఇది తల్లిదండ్రులకి కూడా చూపించాలి అనుకున్నాను.

ఆయన వేశారు. ఆ ముద్దుపేరు దగ్గర పిల్ల చెవులు మూసుకుంది.

అది తన పేరట. నాన్న పెట్టిన పేరట. ఇంట్లో ముగ్గురికే తెలుసు, నాన్న పోయాక ఇద్దరికే. బయట ఎవరి ముందూ పిలవకూడదని ఒప్పందం కూడా ఉందట. ఆ పేరు పెట్టి వాళ్ళమ్మ ఇంకో పిల్లకి జడ వేసింది. రేపు హాస్టలంతా వింటుంది.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా రాయను.

పెద్దదాన్ని, ఇన్నేళ్ళుగా ఆడపిల్లల్ని పెంచుతున్నదాన్ని, సినిమా అంతా భూతద్దం పెట్టి వెతికి ఒక ముద్దు పట్టుకున్నాను. పిల్లకి తగిలిన రాయి నా కాలి కింద ఉన్నా చూడలేదు.

సినిమా వద్దంటే వద్దని చెప్పేస్తాను, హెడ్ మేడమ్ మాటిచ్చారు అన్నాను. పిల్ల ముక్కు తుడుచుకుంది. వేయకపోతే మళ్ళీ నన్ను కోతలరాయుడు అంటారు అంది. వేయండి, ఆ ఒక్కచోట అట్ట పెట్టండి అంది. మరి ముద్దు దగ్గరో అన్నాను. అక్కడ వద్దు, అమ్మ దానికి చాలా కష్టపడింది అంది.

అట్టకి బొమ్మ దాగుతుంది గానీ మాట దాగదు కదమ్మా అన్నాను. వెనకనుంచి ఆయన, సౌండ్ కూడా తీసేస్తాను అన్నారు. విన్నారా మీరు అన్నాను. ఏమిటి వినేది, ఈ ప్రొజెక్టర్ ఫ్యాను మోతకి నాకేం వినబడి ఏడ్చింది అన్నారు. ఫ్యాను అప్పటికే ఆపేశారు.

సాయంత్రం

హెడ్ మేడమ్‌కి చెప్పాను. ముద్దు సీన్ వేయొచ్చు, ఇంకోచోట అట్ట పెడతాం అని. అక్కడేముంది అన్నారు. పిల్లలకి తగనిది మేడమ్ అన్నాను. అబద్ధమా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. కాదు. ఒక్క పిల్లకి తగకపోయినా పిల్లలకి తగనట్టే.

నవంబర్ 8, శనివారం, పొద్దున

పిల్ల టిఫిన్ తినలేదు. నేనూ తినలేదు. ఆయన ఇద్దరిదీ తిన్నారు.

సాయంత్రం, సినిమా అయ్యాక

ఇవాళ్టిది రాయకుండా పడుకోలేను.

హెడ్ మేడమ్ కూడా వచ్చి కుర్చీ వేయించుకున్నారు. సినిమా మొదలైన కాసేపటికే బేకరీ, బేకరీలో కోతలరాయుడి అమ్మ. పదో తరగతి పొడుగు పిల్ల, ఒసేయ్, మొహమే అంది. అంతే, హాలు లేచిపోయింది. పక్కనున్నవాళ్ళు పిల్ల వీపు మీద గుద్దులే గుద్దులు. వీపు అన్నవాళ్ళంతా ఇప్పుడు వీపునే గుద్దారు. పిల్ల నవ్వుతోంది గానీ నా వైపు చూస్తోంది.

జడ సీన్ వచ్చింది. ఆయన అట్ట పెట్టారు. సౌండ్ తీసేశారు. హాలు చీకటి, చప్పుడు లేదు. పిల్లలు ఓ అని అరవడం కూడా మరిచిపోయారు. సౌండ్ పోవడం ఈ హాస్టల్ చరిత్రలో లేదు. బొమ్మ పోతేనే అంత ఉంటుంది, మాట కూడా పోయిందంటే ఎంత ఉండాలి! గుసగుసలు మొదలయ్యాయి. తల దువ్వుతోంది కదే, తల దువ్వడంలో ఏముంటుందే అని ఒకతి. అక్కడే తెలియదా, తల దువ్వడంతోనే మొదలవుతుంది అని పొడుగు పిల్ల. ఏం మొదలవుతుందో దానికీ తెలియదు. హెడ్ మేడమ్ నా వైపు వంగి, ఏమండీ ఇది అన్నారు. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

చీకట్లో కోతలరాయుడు ఎలా ఉందో చూద్దామని తిరిగాను. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతోంది. ఆ సీన్ దానికి పాఠంలా వచ్చేసింది. తల్లి ఎక్కడ ఏమంటుందో అక్కడ అంటోంది. పేరు దగ్గర మాత్రం ఆగింది.

అట్ట తీశాక ఒకటో తరగతి చిన్నది లేచి, జడ పాప బతికే ఉందా అని అరిచింది. బతికే ఉందమ్మా, స్కూలుకి వెళ్ళింది అన్నాను.

వయొలిన్ వచ్చినప్పుడు అందరూ అట్ట కోసం వెనక్కి తిరిగారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముక్కూ ముక్కూ తగిలాయి, కళ్ళజోడు జారింది, పిండి అంటింది. నవ్వులు, ఈలలు. ఎవరు నేర్పారో ఈ పిల్లలకి ఈలలు. చిన్నది మాత్రం పెదవి విరిచి, ఇంతేనా, చచ్చిపోలేదుగా అంది. కోతలరాయుడు బెంచీ మీద నిలబడి చప్పట్లు కొట్టింది.

నవంబర్ 9, ఆదివారం

పదకొండు గంటల బస్సుకి వాళ్ళమ్మ వచ్చింది. గేటు దగ్గరే పిల్లలు చుట్టుముట్టారు. ఒకతి చేతి మీద సంతకం పెట్టించుకుంది. పొడుగు పిల్ల, ఆంటీ, అట్ట వెనక మీరేం చేశారు అని అడిగేసింది. ఏ అట్ట అంది ఆమె. నేను తల్లినీ పిల్లనీ లాక్కెళ్ళి మా గదిలో కూర్చోబెట్టి సంగతి చెప్పాను.

ఆమె మొహంలో నవ్వు ఎలా వెళ్ళిపోయిందో చెప్పలేను. దీపం ఆర్పేసినట్టు. నేను వెళ్ళిపోబోతే పిల్ల నా కొంగు పట్టుకుంది. అందుకని ఉండిపోయాను.

ఆ జడ వేయించుకునే పాప చాలా చిన్నదట. లైట్లకి, అంత మంది జనానికి భయపడి ఏడుపు ఆపలేదట. ఆ పాప తల్లిని లోపలికి రానివ్వలేదట. డైరెక్టరు విసుక్కుంటున్నాడట. డైలాగుల కాగితంలో పాపా అని ఉందట, పాపా అంటే ఊరుకోలేదట. పిల్ల ఏడుస్తుంటే నాకు తెలిసిన మాట అదొక్కటే కదే, అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది, తర్వాత తీసేయమని బతిమాలాను, బాగుంది ఉంచుదాం అన్నాడు, నా మాట ఎవరు వింటారు అంది. అని, కూతురి ముందు తలొంచుకుని కూర్చుంది. ఆ పెద్ద సీన్‌లో అంత ధైర్యంగా నిలబడిన మనిషి.

పిల్ల ఒక్కటే అడిగింది. ఆ పాప ఊరుకుందా అని.

ఊరుకుంది అంది తల్లి.

వెంటనేనా అంది పిల్ల. వెంటనే అంది తల్లి. పిల్ల తల ఊపింది. అందులో కొంచెం గర్వం కూడా ఉందనిపించింది నాకు. తర్వాత తల్లిని తిట్టడం మొదలుపెట్టింది. నీకు ఒక్క పేరే వస్తే ఎట్లా, రేపు ఇంకో పిల్ల ఏడిస్తే మళ్ళీ నాదే వాడతావా, నా పేరు అరిగిపోదూ అని. మరేం చేయమంటావే అంది తల్లి. సినిమా పిల్లలకి వేరే పేర్లు పెట్టుకో, నేనిస్తాను అంది. బుడంకాయ, గోళీ, చిటికెడు, టపాకాయ. టపాకాయ మగపిల్లలకి అట. తల్లి వేళ్ళ మీద అప్పజెప్పింది. చిటికెడు మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి చెప్పించింది.

తర్వాత తల్లి ఏమీ అడగకుండా దువ్వెన తీసి జడ వేసింది. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. లోపల ఆమె కూతుర్ని ఏమని పిలిచిందో నాకు తెలుసు. తలుపు మందమైనది కాబట్టి వినబడలేదు.

నవంబర్ 10, సోమవారం

హెడ్ మేడమ్ దగ్గర చీవాట్లు. ఎవరో తండ్రి ఫోన్ చేశాడట, సౌండ్ కూడా ఆపేసేంత బూతు సినిమా చూపించారట కదా అని. ఆ సీన్ ఏమిటో ఇప్పుడు చెప్పండి అన్నారు. చెప్పలేను మేడమ్ అన్నాను. చెప్పలేనిదైతే సినిమా ఎలా సరే అన్నారు అన్నారు. న్యాయమే. మీరు నా మాట మీద వదిలారు, నా మాట ఇదే అన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడకి ఎదురు చెప్పింది ఇదే. గొంతు పెద్దది చేయలేదు, నాకు రాదు కూడా.

మధ్యాహ్నం ఎవరు మోశారో, విషయం కోతలరాయుడి చెవిన పడింది. తిన్నగా హెడ్ మేడమ్ గదికి వెళ్ళి తలుపేసుకుంది. ఏం చెప్పిందో, పేరు చెప్పిందో లేదో తెలియదు. నేను అడగలేదు. బెల్ కొట్టేదాకా లోపలే ఉంది.

సాయంత్రం హెడ్ మేడమ్ మా వైపు వచ్చారు. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. జలుబు అన్నారు. ఆ తండ్రికి తిరిగి ఫోన్ చేసి, తల దువ్వే సీన్ అండీ, మా మిషను పాడైంది అని చెప్పారట. మా ఆయన అది విని, నా మిషను ఎప్పుడూ పాడవలేదు అని రోషపడ్డారు. వెళ్ళేముందు ఆవిడ, సినిమాలన్నీ ఇకనుంచి మీరే చూడండి, ఎవరినైనా ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి అన్నారు.

ఇవాళ హాయిగా ఉంది. కారణం వెతకలేదు.

నవంబర్ 15, శనివారం

ఇప్పుడు పిల్లని కోతలరాయుడు అనడం లేదు. బేకరీ అంటున్నారు. పలుకుతోంది.

నవంబర్ 22, శనివారం

వాళ్ళమ్మ షూటింగ్ నుంచి ఫోన్ చేసింది. ఇవాళ ఒక బాబు ఏడిచాడట. బుడంకాయ పనిచేయలేదట. టపాకాయకి ఊరుకున్నాడట.

వెళ్ళి పిల్లకి చెప్పాను. లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నేను చెప్పానా లేదా మగపిల్లలకని, ముందే అది వాడాల్సింది అంది.